తాగని మత్తు

హయాత్ జన్మలో కల్లు చుక్క నోట పెట్టినవాడు కాదు. ఆ సంగతి లోకంలో ఎవరికి తెలియకపోయినా అతని పెళ్లాం ఖుర్షిదాకు తెలియాలి. తెలిసీ ఆమె నమ్మలేకపోయింది. గుంటూరులో వాళ్ల కాపురం మునిగింది అక్కడే.

ఖుర్షిదాది తాడేపల్లి. కృష్ణ ఒడ్డున వాళ్ల నాన్న, అన్న జాన్ బాషా, చుట్టాలందరూ రేవులో బట్టలుతికి బతికేవాళ్లు. రోజా, నమాజు తప్పని ఇళ్లే అయినా ఊళ్లో వాళ్లకున్న పేరు తురక చాకళ్లని. హయాత్ కూడా ఆ ఇళ్లలో పుట్టినవాడే. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మేనమామ పంచన పెరిగి, మోకాలు దాటిన నీళ్లలో పొద్దస్తమానం నిలబడి బట్టను బండకేసి బాదడం నేర్చాడు. చలికాలం పాదాలు పగిలి నెత్తురు చిమ్మేది. చౌడు, సోడా తగిలి వేళ్ల సందులు ఒరిసిపోయేవి.

"నా వయసంతా ఈ నీళ్లలో నానాల్సిందేనా?" అనేవాడు పెళ్లైన కొత్తలో.

అని ఊరుకోలేదు. మద్రాసు పోయి ఒక లాండ్రీలో కుదిరాడు. రెండేళ్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు అతని కాళ్లకు చెప్పులున్నాయి. పగుళ్లు పూడి మడమలు నున్నబడ్డాయి.

"నీళ్లు తగలకుండా బట్టలుతుకుతారు తెలుసా అక్కడ?" అన్నాడు.

"నీళ్లు లేకుండా ఉతకడమేమిటయ్యా, వేళాకోళం కాకపోతే?"

"పెట్రోల్లో ముంచి తీస్తారే. పట్టు ముడత పడదు. ఊలు ముడుచుకుపోదు. ఆరేసిన కాసేపటికి తడి లేదు, వాసన లేదు. ఆ పనే నేర్చుకొచ్చాను."

అప్పుడే కొత్త రాష్ట్రం వచ్చి హైకోర్టును గుంటూరులో పెట్టారు. ఊరినిండా వకీళ్లు దిగారు. వాళ్ల వెనకాలే వాళ్ల నల్లకోట్లూ దిగాయి. ఆ కోట్లు బండకేసి బాదేవి కావు. హయాత్ ఖుర్షిదా నల్లపూసల గొలుసు అమ్మేసి, బ్రాడీపేటలో ఒక సందులో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాడు. వీధి వైపు అద్దాల బీరువా, ఇస్త్రీ బల్ల. గుమ్మం పైన నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో 'హయాత్ డ్రై క్లీనర్స్' అని రాయించాడు. తాడేపల్లి నుంచి జాన్ బాషా వచ్చి ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడి, "బావా, మనోళ్లలో ఇట్టాంటిది ఎవరికీ లేదు" అన్నాడు. ఆ మాటకు హయాత్ ముఖం వెలిగిపోయింది. ఇక కృష్ణలో కాలు పెట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

పెట్రోలు పనంతా వంటింటి అవతల చిన్న గదిలో. రెండు రేకు తొట్లు, డబ్బాలు, బట్టలు వేలాడదీసే దండెం. ఆ గదికి ఒక్కటే కిటికీ. కిటికీ అవతలే మిరపకాయల బళ్లు పోయే దారి. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా ఎర్రటి కోరు, ఆ ఘాటు దుమ్ము, గాల్లో లేస్తూనే ఉంటుంది. అది ఆరేసిన పట్టు మీద వాలితే చీర కట్టుకున్నవాళ్ల వీపు మండిపోతుంది. అందుకని కిటికీ మూసేశాడు. తలుపూ మూసేవాడు.

"ఉక్కపోతలో చస్తావయ్యా, తలుపన్నా తియ్యి" అనేది ఖుర్షిదా.

"తీస్తే పెట్రోలు ఆవిరై పోతుందే. గాల్లో పోయేది మన కూడే."

నిప్పంటే మాత్రం అతనికి హడలు. ఆ గది చుట్టుపక్కల బీడీ వెలిగించనిచ్చేవాడు కాదు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వీధి గుమ్మం దగ్గరే రాజేయించేవాడు. మద్రాసులో ఒక లాండ్రీ కాలిపోవడం కళ్లారా చూశాడు మరి. నిప్పుతో జాగ్రత్త అని అక్కడ అందరూ చెప్పారు. గాలితో జాగ్రత్త అని ఒక్కరూ చెప్పలేదు.

రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. హైకోర్టు హైదరాబాదు వెళ్లిపోయాక కోట్లు తగ్గాయి. హయాత్ బెదిరిపోయి, పొగాకు కంపెనీ దొరల సూట్లు, పెళ్లివారి పట్టుచీరలు ఏవి దొరికితే అవి ఒప్పుకున్నాడు. పొగాకు జిగురు పట్టిన బట్ట ఒక ముంపుకు లొంగదు. మళ్లీ మళ్లీ ముంచాలి. పొద్దున గదిలోకి పోయినవాడు అన్నానికి కూడా పిలిస్తేగానీ వచ్చేవాడు కాదు.

మొదట ఖుర్షిదా గమనించింది అతని నవ్వును. హయాత్ మితభాషి. అలాంటివాడు సాయంత్రం బయటికొచ్చి గోడకు చేరగిలబడి, కారణం లేకుండా నవ్వేవాడు. మాటలు నాలుక మీద జారిపోయేవి. ఆమెకు ముచ్చటేసింది కూడా. ఆ తర్వాత తలనొప్పులు వచ్చాయి. పొద్దున్నే వాంతులు. చేతులు వణకడం. ఉత్త పుణ్యానికి కోపం. ఆ పైన మతిమరుపు పట్టుకుంది. బట్ట వచ్చిన వెంటనే కాలరు లోపల నల్లజీడి రసంతో అతనే గుర్తు పెట్టేవాడు. ఇప్పుడు తను పెట్టిన గుర్తే తనకు ఆనవాలు తెలియదు. ఒకాయన కోటు ఇంకొకాయనకిచ్చి పంపాడు. వాళ్లు కొట్టు ముందు నిలబడి నానా మాటలూ అంటే, తప్పు చేసిన పిల్లాడిలా నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైందయ్యా నీకు?" అని ఖుర్షిదా అడిగితే,

"తల మబ్బుగా ఉంటోందే. నిద్ర చాలట్లేదేమో" అనేవాడు.

ఆమె నిద్ర నటిస్తూ అతని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. ఘాటు వాసన. అది పెట్రోలో ఇంకోటో ఆమె పోల్చుకోలేకపోయింది. ఆ రోజుల్లో మన జిల్లాల్లో మద్యనిషేధం. సారా దొరకనివాళ్లు వార్నీషులో కలిపే స్పిరిటు తాగి పడిపోతున్నారని వీధిలో చెప్పుకునేవాళ్లు. హయాత్ కూడా అంతేనేమోనని ఆమెకు అనుమానం తగులుకుంది. హయాత్ బజారుకు పోయినప్పుడు గదిలో దూరి తొట్ల వెనకా, మూటల కిందా, దండెం మూలనా సీసా కోసం వెతికింది. సీసా లేదు. లేకపోయినా అనుమానం పోలేదు. ఎక్కడో బయట దాచుకున్నాడనుకుంది.

ఒక శుక్రవారం మసీదులో గుట్టు రట్టయింది. నమాజులో సజ్దాకు వంగిన హయాత్ మళ్లీ లేవలేదు. అందరూ లేచి నిలబడినా అతను నుదురు నేలకానించి అలాగే పడి ఉన్నాడు. నోటి పక్కన చొంగ. పక్కవాళ్లు లేవదీస్తే, వాళ్ల ముఖాల్లోకి చూసి నవ్వాడు.

ఆ సాయంత్రమే అలీ సాహెబ్ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు. ఆయనకు మిరపకాయల కమీషన్ కొట్టుంది. మసీదు వ్యవహారాలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. చెడ్డవాడు కాదు, కానీ చూసిందే నిజమనే మనిషి.

"ఏరా హయాత్, మత్తులో మసీదుకు వస్తావా? అల్లా ముందు నిలబడే పద్ధతి అదా?"

"అల్లా తోడు సాయెబు గారూ, నేను తాగను. ఖురాను పట్టుకుని చెబుతాను."

"ఊగుతూ నిలబడి ఖురాను మాట ఎత్తకు" అని, అలీ సాహెబ్ పరదా వైపు తిరిగాడు. "అమ్మా ఖుర్షిదా, నువ్వు చెప్పు. నీ మొగుడు తాగుతాడా, తాగడా?"

ఖుర్షిదా పరదా అంచు పట్టుకుని చూసింది. సందులోంచి హయాత్ కనిపిస్తున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిలదొక్కుకోవడానికి ఇస్త్రీ బల్ల పట్టుకున్నాడు.

"నాకేం తెలుసు సాయెబు గారూ" అంది. "పొద్దున బాగానే లోపలికి పోతాడు. సాయంత్రానికి ఇట్టా వస్తాడు."

ఆమె చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. కానీ అతన్ని ముంచడానికి ఆ మాట చాలింది. ఈ అలవాటు మానేదాకా మసీదు మెట్లెక్కవద్దని చెప్పి పెద్దమనుషులు వెళ్లిపోయారు. హయాత్ పరదా వైపు ఒకసారి చూశాడు. గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

చెడ్డపేరుకు కాళ్లు ఎక్కువ. ఉతికిన సూటు ఇచ్చి రావడానికి కంపెనీ బంగళాకు బయల్దేరినవాడిని, తూలుతున్నాడని దారిలో పోలీసులు పట్టుకున్నారు. "సారా దొరక్క స్పిరిటుకు దిగావా?" అని స్టేషన్లో కూర్చోబెట్టారు. కబురు తెలిసి ఖుర్షిదా ముసుగేసుకుని, అన్నం గిన్నె పట్టుకుని పరుగెత్తింది. హయాత్ మూల కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి తల ఎత్తాడు.

"ఖుర్షిదా, నేను తాగానా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "నన్నడుగుతావేమయ్యా? నువ్వు చెప్పాలి."

"నాకు గుర్తు లేదే. అందరూ తాగానంటున్నారు. తాగే ఉంటాను."

రుజువు లేక మర్నాడు వదిలేశారు. ఇంటికొచ్చాక అతను వాదించడం మానేశాడు. ఎవరేమన్నా తలూపేవాడు. పని లేని రోజున మంచం మీద దొర్లేవాడు, తల పగిలిపోతోందని గోడకేసి కొట్టుకునేవాడు. గదిలోకి పోయాక గానీ నెమ్మదించేవాడు కాదు. సీసా ఆ గదిలోనే ఎక్కడో ఉందని ఖుర్షిదాకు ఇప్పుడు గట్టిగా అనిపించింది.

వేసవి పెళ్లిళ్లు ముంచుకొచ్చాయి. ఒక పెళ్లివారింటి పట్టుచీరలు ముహూర్తానికి ముందు అందించాలి. హయాత్ లేవలేని స్థితిలో పడి ఉన్నాడు. ఖుర్షిదా కొంగు నడుముకు దోపుకుని, తనే గదిలోకి దిగింది. ముంచడం, పిండడం, దులిపి వేలాడదీయడం, అన్నీ తలుపు సందులోంచి చూసినవే. అతనిలాగే తలుపు మూసుకుంది.

మొదట ముక్కు మండింది. కళ్లు నీళ్లు కారాయి. కాసేపటికి మంట పోయి వాసన తియ్యబడింది. చేతులు ఎవరివో అన్నట్టు దూరంగా కనిపించాయి. ఎప్పుడో పురిట్లోనే పోయిన బిడ్డ తొట్టి అంచు మీద కూర్చుని కాళ్లూపుతున్నట్టు అనిపించింది. ఆమెకు భయం వెయ్యలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూనే తలుపు తీసుకుని పెరట్లోకి వచ్చింది. నేల ఎదురొచ్చి ముఖానికి తగిలింది.

పక్కవాటాలో ఉండే రాజ్యం మిషన్ బడిలో పంతులమ్మ. చప్పుడు విని పరుగెత్తుకొచ్చి ఖుర్షిదా తల ఒళ్లో పెట్టుకుంది. పిట్టగోడ మీంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు.

"మొగుడు తాగింది చాలక పెళ్లామూ మొదలుపెట్టింది" అని ఎవరో అన్నారు.

"నోరు ముయ్యండి" అని కసిరింది రాజ్యం. "ఏం తాగావు ఖుర్షిదా? నిజం చెప్పు తల్లీ."

"మంచినీళ్లు కూడా తాగలా పంతులమ్మగారూ" అంటూ ఖుర్షిదా మళ్లీ నవ్వింది. మాట ముద్దగా వచ్చింది. సరిగ్గా హయాత్ మాటలా.

రాజ్యం ఆమె నోరు వాసన చూసి, కొంగు వాసన చూసి, తెరిచి ఉన్న గది వైపు చూసింది. లోపల్నుంచి వచ్చే గాలి తగిలి తనకే తల తిరిగింది.

"అమ్మా, ఆ గదే తాగిస్తోంది" అంది.

ఖుర్షిదా నవ్వు ఆగిపోయింది. కడుపులో ఉన్నదంతా కక్కింది. తల రెండు చెక్కలవుతున్నంత నొప్పి. ఈ నొప్పేనా అతను గోడకేసి కొట్టుకున్నది? ఒక్క పూటకే తనకిలా ఉంటే, ఏళ్ల తరబడి మూసిన తలుపు వెనక అతనికెలా ఉండి ఉంటుంది? పెద్దమనుషుల ముందు తను అన్న మాట చెవుల్లో గింగురుమంది. రెండు చేతులతో నుదురు బాదుకుంటూ పెరట్లోనే కూలబడింది.

కాళ్లలో సత్తువ రాగానే అలీ సాహెబ్ కమీషన్ కొట్టుకు వెళ్లింది. హమాలీలు, కాటాలు, మిరపకాయల బస్తాలు, మొగవాళ్ల గుంపు. ఇంతకుముందు అటు కన్నెత్తి చూసిన ఆడది కాదు.

"మీరు నన్నొక మాట అడిగారు సాయెబు గారూ. జవాబు చెప్పడానికి వచ్చాను. నా మొగుడు తాగడు. మీరు నమ్మకపోతే వచ్చి ఆ గదిలో తలుపేసుకుని కూర్చోండి. బయటికొచ్చాక మీ కాళ్ల మీద మీరు నిలబడితే, మా ఇద్దర్నీ ఊళ్లోంచి వెళ్లగొట్టండి."

హమాలీలు పని ఆపి చూశారు. అలీ సాహెబ్ ముఖం కందగడ్డ అయింది. కానీ లేచి కండువా వేసుకున్నాడు. వచ్చాడు. గదిలో కూర్చున్నాడు. ఎంతోసేపు పట్టలేదు, తలుపు తడుముకుంటూ బయటపడి, గడప మీద కూర్చుని, గుండెలు పట్టుకుని దగ్గాడు.

హయాత్ మంచం మీద కళ్లు తెరుచుకునే పడుకుని ఉన్నాడు. అలీ సాహెబ్ అతని పాదాల దగ్గర నిలబడి, "హయాత్, నేను పాపం చేశాను. నువ్వు తాగలేదయ్యా. నాతో మసీదుకు రా, నా పక్కనే నిలబడు" అన్నాడు.

హయాత్ గాభరాగా లేచి కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"లేదు సాయెబు గారూ, తాగాను. ఇంకెప్పుడూ తాగను. నన్ను పోలీసులకు పట్టించొద్దు."

"నువ్వు తాగలేదయ్యా!" అని ఖుర్షిదా అతని భుజాలు పట్టుకుని కుదిపింది. "నీది తప్పు కాదు. ఆ గదిది."

"అందరూ చూశారుగా" అన్నాడు హయాత్, ఆమెకు నచ్చజెబుతున్నట్టు. "నువ్వు కూడా చూశావుగా."

అలీ సాహెబ్ పిలిపించిన డాక్టరు హయాత్ రెప్పలెత్తి చూసి, చేతులు చాపించి, నడిపించి, ఇక ఆ గదిలోకి పోనివ్వవద్దని చెప్పాడు. పోయిన మతి తిరిగొస్తుందా అంటే ఆయన పెట్టె సర్దుకుని లేచాడు.

గదికి తాళం పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆమె బావి దగ్గర ఉండగా హయాత్ తాళం విరగ్గొట్టాడు. వచ్చి చూసేసరికి డబ్బా మూతి మీద ముఖం పెట్టి, బిడ్డ పాలు తాగినట్టు గాలి పీలుస్తున్నాడు. లాగబోతే తోసేశాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె మీద చెయ్యి వేసింది అదే మొదలు. గుమ్మం తగిలి ఆమె నుదురు చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూనే డబ్బా లాక్కుని పెరటి చివర మట్టిలో కుమ్మరించింది. హయాత్ ఆ తడిసిన మట్టి మీద మోకరిల్లి, నుదురు ఆనించి, వాసన చూశాడు.

అది చూశాక ఆమెకు ఇక ఏ ఆశా మిగల్లేదు. రాజ్యం సాయంతో ఎవరి బట్టలు వాళ్లకు చేర్చింది. కొట్టు మూసి, హయాత్‌ను పాసింజరు బండి ఎక్కించుకుని తాడేపల్లి తీసుకుపోయింది.

జాన్ బాషా తన ఇంటి పక్కనే పాక వేసి ఇచ్చాడు. వదిన చాంద్‌బీ వాళ్లిద్దరికీ కూడా ఎసట్లో గింజలు పోసేది. ఖుర్షిదా మళ్లీ రేవులో దిగింది. బెజవాడ హోటళ్ల దుప్పట్లు, మేజాబల్ల గుడ్డలు. ఆమె మడమలు మళ్లీ పగిలాయి. హయాత్‌కు ఒట్టు పెట్టుకున్న సంగతి జ్ఞాపకం లేదు, కానీ నీళ్లను చూస్తే వెనక్కి నడిచేవాడు. ఒకసారి జాన్ బాషా చెయ్యి పట్టుకుని దింపాడు. తడిబట్ట ఎత్తి కొడితే అది బండకు తగలకుండా అతని మోకాలికే తగిలింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ మోకాలికే. రేవులో ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు వంచుకుని తమ బట్టలు బాదుకున్నారు. ఆ తర్వాత అతన్ని ఇసక మీద ఆరేసిన దుప్పట్లకు కాపలా పెట్టారు. గొడ్లు తొక్కకుండా చూడటమే పని. కొన్నాళ్లు బాగానే చూసేవాడు. కొన్నాళ్లు దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాడు.

నమాజుకు పిలిచే బాంగు వినిపిస్తే మాత్రం లేచేవాడు. మసీదు దాకా నడిచి, చెప్పులు విడిచే చోట ఆగిపోయి, అక్కడే దుమ్ములో నమాజు చేసేవాడు. నమాజు చేయించే పేష్ ఇమాం స్వయంగా వచ్చి, "లోపలికి రావయ్యా" అని చెయ్యి పట్టుకుంటే, "నేను తాగినోణ్ణండీ, రాకూడదు" అని వినయంగా చెప్పేవాడు. ఖుర్షిదా ఎన్నోసార్లు వెనకాలే వెళ్లి, బతిమాలి, తిట్టి, చివరికి ఏడ్చి చెప్పింది. తాగలేదని ఆమె అన్నప్పుడల్లా తలూపేవాడు. గడప దగ్గరికి పోయేసరికి మళ్లీ ఆగిపోయేవాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని చూసి, పాపం తాగి తాగి ఇలా అయ్యాడట అనుకునేవాళ్లు. ఎంతమందికని చెబుతుంది?

అరవై మూడులో కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో హయాత్‌కు జ్వరం తగిలింది. రేవు మునిగి పనుల్లేక ఖుర్షిదా అతని పక్కనే ఉండగలిగింది. చివరి రెండు రోజులూ అతను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. "అమ్మా, మంచినీళ్లు" అని మాత్రం అడిగేవాడు. ఒక తెల్లవారుజామున అడగడం మానేశాడు.

కబురు అంది గుంటూరు నుంచి అలీ సాహెబ్ వచ్చాడు. ముసలివాడైపోయాడు. వద్దన్నా వినకుండా జనాజాకు భుజం పట్టాడు. నమాజుకు హయాత్‌ను మసీదు ముందు దించారు. బురద దారిలో మొగవాళ్లు కనిపించినంతమేరా ఖుర్షిదా పాక గుమ్మంలో నిలబడి చూసింది.

వాళ్ల ఆచారం ప్రకారం మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పైన గడప దాటకూడదు. కడుపు అన్నాళ్లు ఆగదు. ఆమె రేవుకు పోతే తప్పా ఒప్పా అని ఆడవాళ్లు తమలో తాము గుసగుసలాడుతుండగానే, చాంద్‌బీ ఆరిన దుప్పట్ల మూట మోసుకొచ్చి పాకలో దించింది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసి, విసిరి రాజేసి, ఖుర్షిదా ముందు పెట్టింది.

"నువ్వు ఇక్కడే కూర్చుని చెయ్యి ఖుర్షిదా. ఉతికేది నేను ఉతుకుతాను."

ఖుర్షిదా ముక్కు చీదుకుని, పై దుప్పటి తీసి పరిచి, నీళ్లు చిలకరించింది.